ఎడమ భుజం

2022 ఆగస్టు పద్నాలుగు, ఆదివారం. ఆ మధ్యాహ్నం పండుగప్ప పులుసు, వంకాయ వేపుడు, గడ్డపెరుగు. సత్యానందం గారికి తారీఖులు గుర్తుండవు. పెళ్ళిరోజు కూడా భార్య చెబితేనే తెలిసేది. ఈ తారీఖు మాత్రం ఆ పులుసు వాసనతో సహా ఉండిపోయింది.

ఆ రోజు సరోజిని చర్చి నుంచి వస్తూనే, చీరైనా మార్చుకోకుండా కొంగు బొడ్లో దోపుకుని పొయ్యి దగ్గర నిలబడింది. ఆయన సాయం చేద్దామని గరిటె తీసుకోబోతే చేతి మీద ఒక్కటేసింది.

"చేపల పులుసులో గరిటె పెడతారా ఎవరైనా? ముక్క చెదిరిపోదూ! గిన్నె రెండు పక్కలా పట్టుకుని ఇలా ఒక్కసారి తిప్పాలి. అదే సర్దుకుంటుంది."

బందరు కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషికి ఆమె వంటింట్లో ఇలాంటి పాఠాలు చాలా చెప్పింది. ఆయన నవ్వుతూ విని, మర్నాటికి మర్చిపోయేవారు.

మారు వడ్డించుకున్నాక సరోజిని చేతిలోంచి ముద్ద జారి కంచంలో పడింది. మళ్ళీ తీసుకుంది. మళ్ళీ జారింది. ఇదేమిటి చోద్యం అన్నట్టు ఆయన వైపు చూసి నవ్వబోయింది. నోరు ఒక పక్కకే నవ్వింది.

కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్క పూటలో పోయాయి. నెలలు గడిచాక కాలు కొంత స్వాధీనంలోకి వచ్చింది. మాట రాలేదు. వీధి మలుపు తిరిగిపోతున్న కూరగాయల బండిని ఇంట్లోంచే కేకేసి ఆపగలిగిన గొంతు, చిన్న చిన్న మూలుగుల్లోకి కుంచించుకుపోయింది.

వాళ్ళకి పిల్లలు లేరు. మనిషిని పెట్టుకోమని అందరూ అన్నారు, ఆయన వినలేదు. మంచం నుంచి బాత్రూముకి, బాత్రూము నుంచి వరండాలో కుర్చీకి, కుర్చీ నుంచి మళ్ళీ మంచానికి, రెండేళ్ళ పైచిలుకు ఆమెను నడిపించింది ఆయనే. ఆమె పడిపోయే పక్క కుడిపక్క కాబట్టి అటే నిలబడేవారు. ఎడమ చెయ్యి ఆమె వీపు వెనక నుంచి చుట్టి, అవతలి వైపు నడుం దగ్గర పట్టుకుని, ఆమె బరువంతా తన ఎడమ భుజం కిందికి తీసుకుని, తాను కుడికాలి మీదికి ఒరిగి ఒక్కో అడుగూ వేయించేవారు. అలా నడుస్తున్నంతసేపూ సరోజిని, బాగున్న తన ఎడమ చేత్తో, నడుం మీదున్న ఆయన చేతిని రెండు వేళ్ళతో తట్టేది. మెత్తగా, రెండుసార్లు. మాట పోయిన మనిషి చెప్పగలిగిన ముద్దుమాట అదేనని ఆయన అనుకున్నారు. తట్టినప్పుడల్లా "ఉన్నానుగా, నేనున్నానుగా" అంటూ ఇంకాస్త గట్టిగా పట్టుకునేవారు.

ఆమెను బాధపెడుతున్నానని ఆయనకి తెలిసింది ఒక్క విషయంలోనే. బందరు ఉప్పుగాలికి వాళ్ళ వీధి తలుపు ఏడాది పొడుగునా ఉబ్బే ఉంటుంది. వడ్రంగి రెండుసార్లు చిత్రిక పట్టి వెళ్ళాడు, మళ్ళీ ఉబ్బింది. రాత్రి గడియ పడాలంటే భుజంతో ఒక్క గుద్దు గుద్దాలి. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో సరోజిని లోపలి నుంచి, "తలుపేస్తున్నారా, బద్దలు కొడుతున్నారా?" అని వేళాకోళం చేసేది. మాట పోయాక ఆ చప్పుడుకి మంచం మీద ఉలిక్కిపడేది. ఆయన "అయ్యో, అయ్యో" అనుకుంటూ వచ్చి పక్కన కూర్చునేవారు. మర్నాడు రాత్రి మళ్ళీ అదే చప్పుడు. వేరే దారి ఆయనకి తెలియలేదు.

2025 జనవరిలో, బాగా మంచు కురిసిన ఒక తెల్లవారుజామున, సరోజిని నిద్రలోనే వెళ్ళిపోయింది.

ఆమె ముందునుంచీ చెబుతూ వచ్చిన ప్రకారం దివిసీమలో, అవనిగడ్డ అవతల ఉన్న పుట్టినూళ్ళో, తల్లి పక్కనే సమాధి చేశారు. ఆ ఊరి క్రైస్తవులకి ఈస్టరు తెల్లవారేది సమాధుల మధ్యే. ముందురోజు అన్నిటికీ సున్నం వేసి, చీకటి విడవకముందే పూలూ కొవ్వొత్తులూ పట్టుకుని వెళ్తారు. ఎవరివాళ్ళ సమాధి ముందు వాళ్ళు మోకాళ్ళూని కొవ్వొత్తి వెలిగిస్తారు. పాస్టరు గారి ప్రార్థన ముగిశాక అందరూ ఒక్కసారిగా లేచి నిలబడి పాట అందుకుంటారు. లేచి నిలబడటంలోనే ఉంది ఆ పండగంతా.

సరోజిని పోయాక వచ్చిన మొదటి ఈస్టరుకి సత్యానందం గారు మోకాళ్ళూనగలిగారు. లేవలేకపోయారు. చుట్టూ పాట మొదలైంది. కుడి మోకాలు మేకు దిగ్గొట్టినట్టు నేలకి అతుక్కుపోయింది. ఆసరా కోసం చెయ్యి చాపితే దొరికింది సరోజిని తలవైపున్న సిమెంటు శిలువ. దాన్ని పట్టుకుని లేవబోయేసరికి, ఇంకా గట్టిపడని ఆ కొత్త మట్టిలో అది పక్కకి ఒరిగిపోయింది. ఎవరో ఇద్దరు పరుగెత్తుకొచ్చి చంకల కింద చేతులేసి ఆయన్ని పైకి లాగారు. ఆ హడావుడిలో కొవ్వొత్తి కాళ్ళకింద పడి ఆరిపోయింది.

"రెండేళ్ళు తను నా మీద ఆనుకుంది. నేను ఒక్కసారి ఆనుకుంటే ఒరిగిపోయింది చూడు" అన్నారు తిరుగు బస్సులో మరదలు హెప్సిబాతో. నవ్వించడానికి అన్న మాటే. పులిగడ్డ అక్విడక్టు దాటేదాకా ఆవిడ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

హెప్సిబా సరోజిని చెల్లెలు. గుడివాడలో నర్సుగా చేసి రిటైరైంది. మనిషిని చూడగానే నాడి పట్టుకునే అలవాటు, పట్టుకున్నాక నోరు ఊరుకోని అలవాటు, రెండూ ఉన్నాయి. ఆ ఏడాదంతా ఆవిడ బావగారిని గమనిస్తూనే ఉంది. నడుస్తుంటే ఆయన ఎడమ భుజం చెవికి రహస్యం చెబుతున్నట్టు పైకి లేచి ఉంటోంది. మోకాలికి ఎక్స్‌రే తీసిన డాక్టరు, అరుగుదల వయసుకి తగ్గట్టే ఉందని బిళ్ళలు రాసిచ్చాడు. చర్చిలో అందరూ మోకాళ్ళూనుతుంటే ఆయన బెంచీ మీదే తల వంచుకుని కూర్చుంటున్నారు.

"వచ్చే ఈస్టరుకి ఏం చేస్తారు బావగారూ?"

"మోకాళ్ళూనుతాను."

"లేవడం సంగతి అడుగుతున్నాను."

రాత్రిళ్ళు ఆయన ఆలోచనంతా అదే. ఒరిగిన ఆ శిలువే కళ్ళలో మెదిలేది. ఒక్కసారి, ఒక్కటే ఒక్కసారి, ఎవరూ లాగకుండా, ఆమె మీద బరువు వెయ్యకుండా, ఆమె ముందు నుంచి లేచి నిలబడాలి. అంతకుమించి ఆయనకి కోరికలేవీ మిగల్లేదు.

"మా గుడివాడలో తేజస్వి అని ఒకమ్మాయి ఉంది" అంది హెప్సిబా. "ఫిజియోథెరపీ చదివింది. నా భుజం పట్టేస్తే వెళ్తున్నాను. మీరూ రండి."

"యోగానా?"

"కాదు."

"ఎక్సర్‌సైజా?"

"అదీ కాదు. పడుకోవడం."

"పడుకోడానికి గుడివాడ దాకా రావాలా హెప్సీ? ఇక్కడ మంచం ఉందిగా."

"మంచం మీద మీరు పడుకోవట్లేదు బావగారూ. కాపలా కాస్తున్నారు."

నవంబరులో ఒక శుక్రవారం ఆయన పొద్దుటి పాసింజరెక్కారు. గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు బిలబిలా దిగిపోగానే పెట్టె ఖాళీ అయింది. గుడివాడ స్టేషన్లో హెప్సిబా ఆటోతో సహా సిద్ధంగా ఉంది, మనిషి తప్పించుకుపోకుండా.

మందుల షాపు మీద ఒక పొడుగాటి గది. నేల మీద చాపలు. నడుం నొప్పులవాళ్ళు, తుంటి నొప్పులవాళ్ళు ఏడెనిమిది మంది అప్పటికే వెల్లకిలా పడుకుని ఉన్నారు. తేజస్వికి ముప్పై ఏళ్ళుంటాయేమో. గొంతు పెంచి మాట్లాడదు.

"కళ్ళు మూసుకోండి. ఏదీ సరిచెయ్యకండి. ఒళ్ళు నేలకి ఎక్కడ ఆనుతోందో, ఎక్కడ ఆనట్లేదో చూడండి చాలు."

ఏ వస్తువు బరువు ఎటు నుంచి ఎటు దిగుతుందో బోర్డు మీద బాణం గుర్తులు గీసి చూపించిన మనిషి, తన బరువు ఎక్కడ దిగుతోందని ఎన్నడూ అడగలేదు. అడిగితే ఒళ్ళు జవాబు చెప్పింది. కుడి మడమ నేలకి నొక్కుకుని ఉంది. కుడి తుంటి, కుడి భుజం కూడా. ఎడమ భుజం నేలని తాకడమే లేదు. ఎడమ మోచెయ్యి మడిచి ఉంది. వేళ్ళు కాస్త ముడుచుకుని, దేన్నో పట్టుకున్నట్టున్నాయి.

తేజస్వి వచ్చి పక్కన కూర్చుని, ఆ భుజం కింది ఖాళీలోకి తన అరచెయ్యి చొప్పించింది. ఎత్తలేదు, నొక్కలేదు. ఊరికే ఉంచింది. కాసేపటికి ఆ భుజం తనంతట తనే, అలసిపోయినవాడు అరుగు మీద కూలబడ్డట్టు, ఆ అరచేతిలోకి దిగింది.

"సార్, ఎడంచేత్తో ఏదైనా బరువు మోసేవారా? చాలాకాలం?"

"ఫిజిక్సు మేష్టర్నమ్మా. నేను మోసిందల్లా సుద్దముక్క. అదీ కుడిచేత్తో."

గదిలో అందరూ నవ్వారు. హెప్సిబా ఒక్కతే నవ్వలేదు.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే, కవుతరం దాటాక ఆయన చూపు తన ఎడమ చేతి మీద పడింది. పక్కన ఎవరూ లేరు. అయినా ఆ చెయ్యి ఒంటికి జానెడు దూరంలో వంగి నిలబడి ఉంది. ఆ వంపులో ఏముండేదో అప్పుడు తెలిసింది. అక్కడ సరోజిని నడుం ఉండేది. మనిషి పోయి ఇన్ని నెలలైనా ఒళ్ళు ఆమెను దించలేదు.

ఆయన పైపంచెతో ముఖం కప్పుకుని పెడన వచ్చేదాకా అలాగే కూర్చున్నారు.

తర్వాత మంగళవారాలూ శుక్రవారాలూ అలవాటయ్యాయి. తేజస్వి చెప్పేవి గొప్ప విద్యలేమీ కావు. మోకాళ్ళు మడిచి పడుకుని, రెండిటినీ కలిపి ఒక పక్కకి వాల్చి, పట్టేసిన చోట ఆగి వెనక్కి రావడం. తల ఒక వైపు తిప్పుతూ కళ్ళు మరోవైపు తిప్పడం. మొదట్లో ఆయన పరీక్ష రాస్తున్నట్టు ఊపిరి బిగబట్టి చేసేవారు. "మార్కులు లేవు సార్" అనేది తేజస్వి. "ఇంకా చిన్నగా చెయ్యండి. పక్కన పడుకున్నవాళ్ళకి కూడా మీరు కదిలినట్టు తెలియకూడదు."

లేవడం గురించి ఆమె చెప్పిన మాట ఒకటి మనసులో నిలిచింది. "లేవడానికి బలం అక్కర్లేదు సార్, తిరగడం కావాలి. పైకి లాక్కోకండి. పక్కకి చూడండి. చూపు వెంట భుజాన్ని రానివ్వండి, భుజం వెంట తుంటిని రానివ్వండి. మిగతాది అదే చూసుకుంటుంది." గిన్నె తిప్పు, అదే సర్దుకుంటుంది అన్న గొంతు ఆయనకి ఎక్కడో వినిపించింది.

క్రిస్మస్ దాటేసరికి చిన్న చిన్న ఊరటలు మొదలయ్యాయి. ఒకరోజు ప్యాంటు నిలబడే తొడుక్కున్నానని తొడుక్కున్నాక తెలిసింది. బకెట్టు నీళ్ళు మోస్తే నడుం పట్టెయ్యలేదు. రైలు మెట్టు ఎక్కడానికి ఎవరి భుజమూ వెతుక్కోలేదు. కోనేరు సెంటర్లో రోడ్డు దాటుతూ, మనిషి మొత్తం తిరగకుండా తల ఒక్కటే తిప్పి చూడగలిగారు. మెడ మీద ఎండ వెచ్చగా తగిలి, ఎన్నాళ్ళకో, బాగుందనిపించింది. ఇంటికి రాగానే ఆ మాట చెప్పడానికి నోరు తెరిచి, ఖాళీ మంచం చూసి మూసుకున్నారు.

మార్చి మొదట్లో ఒక ఆదివారం చర్చి మెట్ల మీద, సరోజినితో కలిసి పాటలు పాడే దయామణి గారు ఆయన్ని ఆపారు.

"మాస్టారూ, భుజం సమంగా వచ్చేసిందే! సరోజిని గారు పోయాక మీరిలా నిటారుగా నిలబడటం ఇదే చూడ్డం."

మంచిమాటే. ఆయన దండం పెట్టి ఇంటికొచ్చి, బీరువా అద్దం ముందు నిలబడ్డారు. రెండు భుజాలూ త్రాసు సిబ్బెల్లా సమంగా ఉన్నాయి. ఎడమ చెయ్యి ఒంటి పక్కన వదులుగా వేలాడుతోంది. ఆ వంపు లేదు.

ఆమె చీరలు మరదలు పంచిపెట్టేసింది. గొంతు ఎప్పుడో పోయింది. ఫోన్లో పట్టి ఉంచుకోవాలన్న తెలివి ఆయనకి లేకపోయింది. మిగిలింది ఆ వంపొక్కటే. దాన్ని కూడా తన చేతులారా, రైలెక్కి వెళ్ళి మరీ, గుడివాడలో వదిలేసి వచ్చారు.

ఆయన భుజం పైకెత్తి, మోచెయ్యి మడిచి, కుడికాలి మీదికి ఒరిగి గదిలో నాలుగడుగులు వేశారు. కాలేజీ వార్షికోత్సవంలో ముసలి వేషం వేసిన కుర్రాడిలా ఉంది. ఒళ్ళు ఆ పాత దారి మర్చిపోయింది.

ఆ మంగళవారం గుడివాడ వెళ్ళలేదు. జలుబన్నారు. శుక్రవారం రైలు లేటన్నారు.

"రైలు లేటైతే మీరూ లేటుగా రావాలి. అసలు మానెయ్యడం దేనికి?" అంది హెప్సిబా ఫోన్లో.

"ఒంట్లో బాగుందిగా హెప్సీ. ఇంక చాలు."

"ఈస్టరుకి నెల కూడా లేదు. లేవగలరా మరి?"

"చూద్దాం."

రెండో వారం కూడా అలాగే గడిచాక ఆవిడ చెప్పాపెట్టకుండా బందరు వచ్చేసింది. చేతిలో క్యారియరు, అందులో గోంగూర రొయ్యలు. వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది. "బావగారూ" అంటూ నెట్టుకుని లోపలికి వచ్చింది.

సత్యానందం గారు పడగ్గదిలో నేల మీద పడుకుని ఉన్నారు. పక్కన సరోజిని దిండు నిలువుగా ఉంది. దాని చుట్టూ ఆయన ఎడమ చెయ్యి. కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళు బిగించి, పోయినదాన్ని ఒంట్లోకి తిరిగి రప్పించుకుంటున్నారు.

ఆవిడ చూసింది. చూడనట్టే వెనక్కి తగ్గి క్యారియరు బల్ల మీద చప్పుడయ్యేలా పెట్టింది. ఆయన సిగ్గుతో గబుక్కున లేవబోయారు. సగంలో మోకాలు పట్టేసింది. ఒక చెయ్యి మంచంకోడు మీద, ఒక మోకాలు నేల మీద.

"ఆగండి, ఆగండి. పడతారు!"

హెప్సిబా ఒక్క అంగలో వచ్చి, వార్డులో రోగుల్ని లేపిన అలవాటు కొద్దీ వెనక నుంచి నడుం చుట్టూ చెయ్యి వేసి బిగించి పైకి లాగింది. ఆయన కాళ్ళు నేల వెతుక్కుంటున్నాయి. ఆ పట్టులో దొరకలేదు. డొక్కలు నొక్కుకుపోయాయి. ఊపిరి సగంలో ఆగింది. నోట మాట రాలేదు. అప్పుడు ఆయన చెయ్యి, ఆయన చెప్పకుండానే వెళ్ళి, నడుం మీదున్న హెప్సిబా చేతిని రెండు వేళ్ళతో తట్టింది. మెత్తగా, రెండుసార్లు.

హెప్సిబా వెంటనే పట్టు వదులు చేసింది. చెయ్యి తియ్యలేదు, ఊరికే ఉంచింది. పాదాలకి నేల దొరికింది. ఆయన లేచి నిలబడ్డారు.

నిలబడ్డ మనిషి అలాగే మంచం మీద కూలబడిపోయారు.

"ఏమైంది బావగారూ? కళ్ళు తిరిగాయా?"

"నేనిప్పుడేం చేశాను హెప్సీ?"

"ఏం చేశారు? చెయ్యి తట్టారు. ఊపిరాడలేదు కాబోలు, వదలమన్నారు. వదిలాను."

"మీ అక్క నన్ను ఇలాగే తట్టేది."

హెప్సిబా దిండు తీసి దులిపి మంచం మీద దాని చోట పెట్టింది.

"నీకు తెలుసా?"

"నన్నూ తట్టేది. వదిలేదాన్ని. వదిలితే నాలుగడుగులు తనే వేసేది, ఈడ్చుకుంటూ. చెయ్యి పక్కన ఉంటే చాలు దానికి." ఆవిడ దుప్పటి ముడతలు సవరించింది. "మీతో ఒకసారి అన్నాను బావగారూ. 'పడిపోతుందమ్మా' అన్నారు. మీ మొహం చూశాక మళ్ళీ అనబుద్ధి కాలేదు."

"తట్టినప్పుడల్లా ఇంకా గట్టిగా పట్టుకున్నాను" అన్నారాయన. "వదలమని అడిగినప్పుడల్లా ఇంకా గట్టిగా. రెండేళ్ళు."

ఆయన భుజాలు కదిలిపోతున్నాయి. సమాధి రోజున కూడా అలా ఏడవలేదు. హెప్సిబా పక్కన కూర్చుని ఆయన వీపు మీద అరచెయ్యి ఆనించి ఉంచింది. నిమరలేదు, ఓదార్చలేదు. వీధిలో ఏదో బండివాడు అరుచుకుంటూ వెళ్ళిపోయాడు.

చాలాసేపటికి ఆవిడే అంది. "గట్టిగా పట్టుకున్నవాళ్ళ మీద ఎవరికీ కోపం రాదు బావగారూ. ఊపిరాడదు, అంతే. వార్డులో నేను చూళ్ళేదా, పట్టుకోడానికి మనిషే రాని మంచాలు! అక్కకి ఆ తేడా తెలీదంటారా?"

తర్వాత కంచాలు పెట్టింది. ఆయన తినలేననలేదు. గోంగూర పులుపుకి కళ్ళు చెమర్చాయని ఇద్దరూ అనుకున్నారు.

"శుక్రవారం వస్తాను" అన్నారు చెయ్యి కడుక్కుంటూ.

"రైలు లేటు కాకపోతే" అంది హెప్సిబా.

ఆ శుక్రవారం పాఠం అయ్యాక ఆయన తేజస్విని ఒక మాట అడిగారు. "మనిషిని ఎత్తకుండా పట్టుకోవడం ఎలాగో నేర్పుతావా అమ్మా?"

"ఎవర్ని పట్టుకోవాలి సార్?"

"ఎవర్నీ కాదు. తెలుసుకుందామని."

ఆ అమ్మాయి ఆయన ముఖంలోకి ఒకసారి చూసింది. హెప్సిబాని నిలబెట్టి, ఆమె వీపు మీద ఆయన అరచెయ్యి పెట్టించింది. "పట్టుకోకండి సార్. వినండి. ఆవిడ ఎటు వెళ్దామనుకుంటున్నారో మీ అరచేతికి ముందే తెలుస్తుంది. అటు మీరూ వెళ్ళండి." ఇద్దరూ ఆ పొడుగాటి గదిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచారు. అడుగు పడకముందే అది ఏ అడుగో ఆయన చేతికి తెలిసింది. గోడ దగ్గరికి చేరాక హెప్సిబా తిరగకుండా అటే నిలబడింది. ముక్కు చీదుకుని, "ఈ గదికి గాలి తక్కువ" అంది.

ఈస్టరు ముందురోజు సాయంత్రానికి ఇద్దరూ దివిసీమ చేరారు. శ్మశానానికి సున్నాలు వేసే బాలస్వామి అక్కడే ఉన్నాడు. పోయినేడు ఒరిగిన శిలువని మళ్ళీ నిలబెట్టిందీ అతనే.

"మాస్టారూ, ఈసారి సిమెంటు లోతుగా పోశాను. మీరూ, ఇంకో ఇద్దరూ కలిసి ఊగినా కదలదు."

"సంతోషం బాలస్వామీ. ఊగే పని పెట్టుకోనులే."

"ఏమోనండీ. నా జాగ్రత్త నాది."

తెల్లవారుజామున ఇంకా చీకటిగా ఉండగానే ఊరంతా వచ్చింది. తెల్లటి సమాధుల మధ్య కొవ్వొత్తులు ఒక్కొక్కటే వెలిగాయి. సముద్రం వైపు నుంచి వచ్చే తడిగాలికి అందరూ అరచేతులు అడ్డం పెట్టుకుంటున్నారు. సత్యానందం గారు సరోజిని ముందు మోకాళ్ళూని, బంతిపూలు పరిచి, కొవ్వొత్తి వెలిగించారు. పాస్టరు గారి ప్రార్థన పొడుగ్గానే సాగింది. ఆయన చెవికి ఎక్కింది తక్కువ. మోకాళ్ళ కింద మట్టి చల్లదనం తెలుస్తోంది. బరువు రెండు మోకాళ్ళ మీదా సమంగా ఉంది.

ఆమేన్ అనగానే బట్టల గరగర, చీరల చప్పుడు. అందరూ లేస్తున్నారు. పాట మొదలైంది.

హెప్సిబా చెయ్యి ఆయన మోచేతి కిందికి వచ్చింది. వచ్చి బిగుసుకోబోయింది. ఆయన రెండు వేళ్ళతో మెత్తగా తట్టారు. చెయ్యి వదులైంది. తొలగిపోలేదు.

ఆయన శిలువ వైపు చెయ్యి చాపలేదు. ఎడమ పక్కకి, సరోజిని సమాధికీ ఆమె తల్లి సమాధికీ నడుమ ఉన్న చిన్న దారి వైపు చూశారు. చూపు వెంట మెడ, మెడ వెంట భుజం తిరిగాయి. అరచెయ్యి నేల మీద ఆనింది. తుంటి కదిలి కుడి పాదానికి చోటిచ్చింది. ఎక్కడ మోకాలు విడిచిందో, ఎక్కడ కాలు అందుకుందో తెలియలేదు. లేచి నిలబడి ఉన్నారు. కొవ్వొత్తి వెలుగుతూనే ఉంది.

ఎవరూ చూడలేదు. అందరూ తూర్పు వైపు తిరిగి పాడుతున్నారు. ఏడాదిగా దేనికోసం ఇంత తపించారో అది నీళ్ళల్లో నీళ్ళలా కలిసిపోయింది.

ఇంత తేలికా, అనిపించింది ఆయనకి. ఇంత తేలికైనదాన్ని ఆమె తన రెండు వేళ్ళతో రోజూ చెబుతూనే ఉందే. వరండా దాకా నాలుగడుగులు. అవి ఆమె అడుగులు. ఆమెవి ఆమెకి ఇవ్వడానికి ఒక్కసారి చెయ్యి వదులు చేస్తే సరిపోయేది.

పాట ఆయన నోటికి రాలేదు. పక్కన హెప్సిబా ఇద్దరి వంతూ కలిపి గట్టిగా పాడింది.

వెలుతురు వచ్చాక ఆయన సమాధి రాతి అంచు మీద అరచెయ్యి పెట్టి కాసేపు ఉంచారు. నొక్కలేదు. ఊరికే ఉంచారు. బాలస్వామి దూరం నుంచి శిలువ వంక అనుమానంగా చూస్తున్నాడు.

చల్లపల్లిలో హెప్సిబా గుడివాడ బస్సెక్కేసింది. ఆయన బందరు చేరేసరికి పొద్దువాలింది. దయామణి గారు పంపిన పండగ బిరియాని సగం తిని, సగం రేపటికి దాచారు. వరండాలో సరోజిని కుర్చీ మీద ధూళి తుడిచారు. వీధిలో ఇంకా పిల్లలు ఆడుకుంటూనే ఉన్నారు గానీ, ప్రయాణం బడలికకి కళ్ళు మూతలు పడుతున్నాయి.

వీధి తలుపు వెయ్యడానికి వెళ్ళారు. అలవాటు కొద్దీ భుజం ముందుకు వచ్చింది. వచ్చి ఆగింది. ఆయన అరచెయ్యి చెక్క మీద ఆనించారు. ఎక్కడ పట్టేస్తోందో చేతికి తెలిసింది. కింద, గడప మూల దగ్గర. రెండో చేత్తో పిడి పట్టుకుని తలుపుని వేలెడు పైకి తేల్చి, పాదం నుంచి మెల్లగా తిరిగారు. ఇన్నేళ్ళు గుద్దు తిన్న తలుపు చడీచప్పుడూ లేకుండా ద్వారబంధంలోకి వెళ్ళి కూర్చుంది.

ఆయన అలాగే నిలబడి, లోపలి గది వైపు చెవి పెట్టారు. అక్కడ ఎవరూ ఉలిక్కిపడలేదు. ఎవరూ హాయిగా నిద్రపోనూ లేదు.

నిద్రపోతున్న మనిషిని లేపకూడదన్నట్టు, గడియ నెమ్మదిగా వేశారు.